ఇథనాల్ ఒక్కటే... గ్రేడ్‌లే వేరు!

పెట్రోల్ బంకుల్లో ఈ20 బోర్డులు చూస్తూనే ఉన్నారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో జనం రహదారి దిగ్బంధించిన వార్తా చదివే ఉంటారు. ఇథనాల్ అనగానే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది ఇంధనమే. కానీ బీఫార్మసీ, కెమికల్ ఇంజినీరింగ్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ కంపెనీలకు అప్లై చేస్తున్నవాళ్లు ఇంకో కోణంలోనూ ఆలోచించాలి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ 99 శాతానికి పైగా స్వచ్ఛం. మందుల్లో ఎక్కువగా వాడేది 95-96 శాతం. మరి ఆ 99 శాతం సరుకు సిరప్‌లో ఎందుకు పోయకూడదు?

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. శాతం చెప్పేది ప్రధానంగా నీళ్ల లెక్క. మామూలు డిస్టిలేషన్‌లో ఇథనాల్ బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ పాయింట్‌లో నీళ్లు, ఆల్కహాల్ కలిసే మరుగుతాయి. అదే అజియోట్రోప్. పెట్రోల్‌కు నీళ్లు పడవు కాబట్టి మిగతా నీటిని మాలిక్యులర్ సీవ్‌లతో లాగేస్తారు. మందుకు కావాల్సిన లెక్క వేరు. నీళ్లు పోగా ఇంకా ఏమున్నాయి? మిథనాల్ ఎంత, ఎసిటాల్డిహైడ్ ఎంత, ఫ్యూసెల్ ఆయిల్స్ ఎంత, తాగకుండా ఉండేందుకు ఏదైనా డీనేచురెంట్ కలిపారా? పాత పద్ధతిలో నీళ్లు తీయడానికి బెంజీన్ వాడేవారు. ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం బెంజీన్ క్లాస్ 1 సాల్వెంట్, పరిమితి 2 పీపీఎం. అదే ఇథనాల్ క్లాస్ 3, దానికి 5,000 పీపీఎం దాకా సరే. అంటే '99.5 శాతం' అని రాసి ఉన్న డ్రమ్ము కన్నా, దాన్ని ఏ దారిలో 99.5కు తెచ్చారన్నదే అసలు సంగతి.

అలాగని అబ్సల్యూట్ ఇథనాల్ మందులకు అక్కర్లేదని కాదు. నీళ్లు తగిలితే పొంగే ఎఫర్‌వెసెంట్ టాబ్లెట్ల గ్రాన్యులేషన్‌కు అదే కావాలి. ఎలాగూ నీళ్లు కలిపే ఎలిగ్జిర్‌కు, టింక్చర్‌కు మాత్రం అబ్సల్యూట్ కొనడం డబ్బు దండగ. పైగా మూత తీసి ఉంచితే అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది. పేర్లలోనూ తికమక ఉంది. మన ఐపీలో 'ఇథనాల్ 95 శాతం', యూరోపియన్ ఫార్మకోపియాలో '96 శాతం', యూఎస్‌పీలో ఉత్త 'ఆల్కహాల్'. యూఎస్‌పీ ప్రకారం అది ఘనపరిమాణంలో 94.9-96.0 శాతం, బరువులో 92.3-93.8 శాతం. ఫార్ములాలో ఉన్నది బరువు లెక్కా, ఘనపరిమాణం లెక్కా అని చూడకుండా కలిపితే బ్యాచ్ తప్పినట్టే.

ఇదంతా కాగితాల మీది చాదస్తం అనిపిస్తోందా? 2020 వేసవి గుర్తుచేసుకోండి. శానిటైజర్లకు గిరాకీ పెరిగి, ఎక్కడెక్కడి ఆల్కహాలో సరఫరా గొలుసులోకి వచ్చేసింది. అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికోల్లో మే, జూన్ నెలల్లో శానిటైజర్ తాగి 15 మంది మిథనాల్ విషానికి గురయ్యారు. నలుగురు చనిపోయారు. శానిటైజర్ తాగడం తప్పే. కానీ అందులో మిథనాల్ ఉండటం తాగినవాళ్ల తప్పు కాదు కదా! ఆ ఏడాదే యూఎస్‌పీ మిథనాల్ పరీక్షను ఆల్కహాల్ గుర్తింపు పరీక్షల్లోకి చేర్చింది. పరిమితి 200 పీపీఎం. గుర్తింపు పరీక్ష అయ్యాక, సప్లయర్ సర్టిఫికెట్ చూసి సంతకం పెట్టేస్తే కుదరదు, తయారీదారే చేసుకోవాలి.

దీనికి కారణం కెమిస్ట్రీలోనే ఉంది. ఇథనాల్ సాంద్రత సుమారు 0.789, మిథనాల్‌ది 0.79. హైడ్రోమీటర్ ముంచి చూస్తే తేడా తెలియదు. కంటికి రెండూ నీళ్లలాగే ఉంటాయి. గ్యాస్ క్రొమటోగ్రఫీ పెడితేనే బండారం బయటపడేది. క్యూసీ ఇంటర్వ్యూల్లో జీసీ గురించి అడిగేది ఊరికే కాదు.

మన దగ్గర గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్టు తమిళనాడు ల్యాబ్ తేల్చింది. అనుమతించేది 0.1 శాతం. అక్కడ తేడా కొట్టింది ఇథనాల్ కాదు, ప్రొపిలీన్ గ్లైకాల్. కానీ రోగం ఒకటే. మందులోకి వెళ్లే ద్రవాన్ని ఏ గ్రేడ్‌దో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తేల్చుకోకుండా వాడటం. ఆ అక్టోబరులోనే కేంద్ర డ్రగ్ కంట్రోలర్, ముడిసరుకు ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించేలా చూడాలని రాష్ట్రాలకు రాశారు. కొత్తగా రూల్ పెట్టినట్టు వార్తలొచ్చాయి గానీ, నిజానికి అది ఎప్పటి నుంచో ఉన్న రూలే. అమలే లేదు.

ఇథనాల్‌కు ఇంకో మెలిక ఎక్సైజ్ శాఖ. పారిశ్రామిక ఆల్కహాల్‌ను నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8-1తో చెప్పింది. కాబట్టి ఫార్మా కంపెనీలో స్పిరిట్ కొనుగోలు చూసేవాళ్లకు కెమిస్ట్రీతో పాటు పర్మిట్లు, స్టాక్ రిజిస్టర్లూ తెలియాలి. పర్మిట్ ఆలస్యమైందని పక్క ట్రేడర్ దగ్గర రెండు డ్రమ్ములు సర్దుకుందాం అనుకునే చోటే గ్రేడ్ మారిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇక ఉద్యోగాల సంగతి. సవరించిన షెడ్యూల్ ఎం ప్రకారం మారడానికి చిన్న, మధ్యతరహా కంపెనీలకు ఇచ్చిన గడువు 2025 డిసెంబరు 31. వెండర్ క్వాలిఫికేషన్, ముడిసరుకు టెస్టింగ్, డాక్యుమెంటేషన్ తెలిసినవాళ్ల అవసరం ముందు చిన్న యూనిట్లలోనే పెరుగుతుందని నా అంచనా. జీతం పెద్దగా ఉండకపోవచ్చు, పని మాత్రం మొదటి నెల నుంచే చేతికొస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో జీసీ ఉంటే, దుమ్ము దులిపించి ఒక్క రన్ అయినా చేయండి. ఏదైనా ఇథనాల్ సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ సంపాదించి, పక్కన ఐపీ మోనోగ్రాఫ్ పెట్టుకుని లైన్ లైన్ పోల్చండి. అందులో మిథనాల్ లైన్ కనపడకపోతే, ఎందుకు లేదో సప్లయర్‌ను ఏమని అడుగుతారో ఒక పేరా రాసి చూడండి. వెండర్ క్వాలిఫికేషన్ పని మొదలయ్యేది ఆ పేరాతోనే.