రక్తంలో ఉంది అనకండి, లెక్క నేర్పండి



పోయిన ఆదివారం గ్రూపులో ఒక అన్న వీడియో పెట్టాడు కదా. అమెరికాలో ఒకాయన నేల మీద బోర్లా పడుకుని, వెయ్యి గజాల దూరంలో ఉన్న ఇనప పలకని రైఫిల్‌తో కొడతాడు. పక్కన ఇంకొకాయన. ఆయన చేతిలో ఫోను, గాలి కొలిచే చిన్న మిషను. ఏవో అంకెలు చెప్తాడు, ఈయన స్కోపు మీద మర తిప్పుతాడు, కాలుస్తాడు. సెకనున్నర దాటాక పలక ఊగుతుంది. టంగ్ అనే చప్పుడు ఇంకో రెండున్నర సెకన్లకి గానీ మనకి వినపడదు.

కింద కామెంట్లు అన్నీ చదివాను. "మా తాత ఏ యాప్ లేకుండా కొట్టేవాడు." "మనకి గురి రక్తంలో ఉంది, వాళ్ళకి మిషన్లు కావాలి." బాగా లైకులు వచ్చాయి. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి. ఆగస్టు 9కి ఇవ్వబోయే మెమోరాండంలో విలువిద్య గురించి ఒక పాయింటు పెడదామని అనుకుంటున్నాం కాబట్టి ఇది ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ముందు ఆ ఫోన్లో ఏముందో చెప్తా. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నా, ఆ వీడియో చూశాక రెండు రాత్రులు దీని మీదే కూర్చున్నా. అందులో ఉన్నది బాలిస్టిక్స్ సాఫ్ట్‌వేర్. అప్లైడ్ బాలిస్టిక్స్, హోర్నడీ వాళ్ళది, స్ట్రెలాక్, ఇట్లాంటివి చాలా ఉన్నాయి. జేబీఎం అని ఒకటుంది, డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్లోనే ఉచితంగా లెక్క కట్టిస్తుంది. (నేను బ్రౌజర్లోనే చూశాను. మన ఏజెన్సీలో చెక్‌పోస్టు దగ్గర ఫోన్ తెరవమంటే అందులో తుపాకీ లెక్కల యాప్ ఉంటే నా సంగతి ఏమవుతుందో మీకు తెలుసు.)

గుండు నేరుగా పోతుందని మనం సినిమాల్లో చూసి అనుకుంటాం. పోదు. గొట్టం దాటిన క్షణం నుంచి పడుతూనే ఉంటుంది. 308 రైఫిల్ గుండు ఒకటి సెకనుకి 790 మీటర్ల వేగంతో బయల్దేరింది అనుకోండి. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. గాలి అనేదే లేకపోతే 1.16 సెకన్లలో చేరాలి. కానీ గాలి దాన్ని పట్టి లాగుతుంది, అందుకే ఒకటిన్నర సెకను దాటుతుంది. ఈలోపు అది పడేది పది మీటర్ల పైనే, అంటే మూడంతస్తుల మేడ అంత. గంటకి పదహారు కిలోమీటర్ల గాలి అడ్డంగా వీస్తే పక్కకి రెండు మీటర్లకి పైగా జరుగుతుంది. కాబట్టి కంటికి కనపడే పలక మీద గురి పెట్టి కొడితే అది తగలదు. ఎంత పైకి, ఎంత పక్కకి పెట్టాలో ముందే తెలియాలి.

సాఫ్ట్‌వేర్ చేసే పని అంతే. గుండు వేగం ఎంత, గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుంది (దానికి జీ1, జీ7 అని కొలమానాలున్నాయి), వేడి ఎంత, గాలి పీడనం ఎంత, కొండ మీదకి కొడుతున్నామా కిందకా, ఇవన్నీ తీసుకుని ప్రయాణాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ లెక్క కడుతుంది. జవాబు మిల్లుల్లో ఇస్తుంది. ఒక మిల్లు అంటే వంద మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, వెయ్యి మీటర్ల దగ్గర ఒక మీటరు. స్కోపు మర కూడా అదే లెక్కలో తిరుగుతుంది. ఈ లెక్క ఎంత పెద్దదంటే, 1946లో అమెరికా లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్ని కట్టిందే ఫిరంగి గుళ్ళ పట్టికలు వేయడానికి. ఇప్పుడది మన చేతిలో ఫోన్లో ఉంది.

కానీ ఫోనుకి ఏమీ తెలియదు, మనం చెప్పేదాకా. వేగం తప్పు చెప్తే తప్పు జవాబే ఇస్తుంది. సెకనుకి 15 మీటర్లు తక్కువ వేగంతో గుండు బయల్దేరితే వెయ్యి గజాల దగ్గర మూరెడు కింద తగులుతుంది. అందుకే వాళ్ళు ముందు క్రోనోగ్రాఫ్ పెట్టి వేగం కొలుస్తారు, తర్వాత దూరంలో కాల్చి చూసి, లెక్కకీ నిజానికీ తేడా వస్తే లెక్కని సరిచేస్తారు. గాలి సంగతి ఇంకా కష్టం. చేతిలో మిషను తన దగ్గరున్న గాలినే కొలుస్తుంది. మధ్య దారిలో ఎట్లా వీస్తుందో గడ్డి ఊపు చూసి, స్కోపులో ఎండమావి ఏ పక్కకి పారుతుందో చూసి మనిషే చెప్పాలి. అంటే ఆ మనిషి దగ్గర కన్నూ ఉంది, కొలతా ఉంది. కన్ను లేనివాడు మిషన్ పట్టుకున్నాడని మనం నవ్వుకుంటే, నవ్వు మన మీదే.

ఇప్పుడు తాతల దగ్గరికి వద్దాం.

మేం కోయోళ్ళం. భూమి పండగకి మగవాళ్ళు విల్లులు పట్టుకుని అడవికి పోవడం, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా నిలబడి బళ్ళు ఆపి డబ్బులు అడగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. మా తాత మంచి వేటగాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను ఆయన్నే అడిగాను, "తాతా, ఎంత దూరం నుంచి కొట్టేవాడివి?" అని. పదిహేను అడుగులు, మహా అయితే ఇరవై అడుగులు అన్నాడు, మనం నడిచే అడుగులు. ఆయన గొప్పతనం దూరంలో లేదు, దగ్గరికి పోవడంలో ఉంది. జంతువు ఎటు నుంచి వస్తది, గాలి ఎటు వీస్తే మన వాసన దానికి తగలదు, ఎక్కడ కాలు పెడితే ఆకు చప్పుడు కాదు, అది ఆయన చదువు. డెబ్బై మీటర్ల నుంచి నిలబడి బాణాలు వేసి మార్కులు తెచ్చుకునేది వేరే చదువు. అది ఆయన చదవలేదు, నాకూ పుట్టుకతో రాలేదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. నాకు ఇరవై ఏళ్ళు, ఇంతవరకు ఒక్క పిట్టని కూడా కొట్టలేదు. ఇంక నా రక్తంలోకి గురి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో సంగతి. తాత బాణం తయారు చేసేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? పుల్లని కంటి దగ్గర పెట్టి వంకర చూస్తాడు, నిప్పు సెగ చూపించి సరిచేస్తాడు, తర్వాత రెండు చేతుల్తో కొంచెం వంచి చూస్తాడు. కొన్ని పక్కన పడేస్తాడు. "ఇది ఆ విల్లుకి పనికిరాదు, గట్టిది" అంటాడు. ఆయన ఆ చేసేదానికి ఇవాళ విలువిద్యలో స్పైన్ అని పేరుంది. విల్లు వదలగానే బాణం చేపలాగా మెలి తిరుగుతూ విల్లు పక్క నుంచి జారిపోతుంది. 1930ల్లో అమెరికాలో హిక్‌మన్ అనే ఫిజిక్స్ ఆయన వేగంగా తీసే కెమెరాతో దీన్ని పట్టి చూపించాడు. బాణం ఆ విల్లుకి మరీ గట్టిదైతే, కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమకి పోతుంది. మరీ మెత్తనిదైతే కుడికి. అంటే మన పెద్దోళ్ళు కూడా సామాను మనుషులే. చేత్తో కొలిచి, ఏరి, పారేసి, మిగిలినవి వాడారు. అదంతా పని. దాన్ని "రక్తం" అనేస్తే వాళ్ళ పనిని తీసి పక్కన పడేసినట్టే. పొగడ్తలాగా వినపడుతుంది గానీ నాకు మాత్రం అందులో చిన్నచూపు కనపడుతుంది.

మన్యం తిరుగుబాటు చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. ఎందుకు? తుపాకులు, తూటాల కోసం. విల్లు బాగా తెలిసినవాళ్ళే కాబట్టి విల్లుతో ఎక్కడిదాకా అవుతుందో, ఎక్కడి నుంచి అవ్వదో కూడా వాళ్ళకి తెలుసు. సామాను మారితే పోరాటం మారుతుందని వాళ్ళకి ఎవరూ క్లాసు చెప్పలేదు.

లింబారామ్ పేరు మన వాళ్ళు ఎక్కువ చెప్తారు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ దగ్గర ఆదివాసీ కుర్రాడు, వెదురు విల్లు పట్టి పెరిగాడు, 1988 సియోల్ ఒలింపిక్స్‌కి పోయాడు, 2012లో పద్మశ్రీ వచ్చింది. నిజమే. కానీ మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళు ట్రయల్స్ పెట్టి ఏరారు, ఢిల్లీ తీసుకెళ్ళారు, కొత్త రకం విల్లు చేతికిచ్చి కోచ్‌ని పెట్టారు. ఆ మధ్య భాగం లేకపోతే ఆ పేరు మనకి తెలిసేదే కాదు. మన తెలుగు నేల మీద ఇవాళ జ్యోతి సురేఖ, ధీరజ్ ఇద్దరూ విజయవాడ నుంచి వచ్చారు. విజయవాడలో అడవి లేదు. అకాడమీలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు బాధ. నేను చదివిన ఒక స్కూలుకి (పేరు వద్దు) విలువిద్య కిట్లు వచ్చాయి. విల్లులు అన్నీ ఒకటే సైజు, ఒకటే బలం. బాణాలన్నీ ఒకే పెట్టెలోవి, ఇనప చువ్వల్లాగా గట్టివి. ఏడో తరగతి చెల్లెళ్ళకీ అవే, ఇంటర్ అన్నలకీ అవే. అందరి బాణాలూ ఎడమకే పోయేవి. సారు "చూపు సరిగ్గా పెట్టండ్రా" అని అరిచేవారు, ఆయనకీ ఎవరూ నేర్పలేదు పాపం. రెండు నెలలకి "వీళ్ళకి ఇంట్రెస్టు లేదు" అని రాసి కిట్లు స్టోర్‌రూమ్‌లో పెట్టేశారు. ఎడమకి పోవడానికి కారణం మాలో లేదు, బాణంలో ఉందని నాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. అప్పట్లో మాలో మంచిగా వేసే అమ్మాయి ఒకతి ఉండేది. తను మానేసింది. అదే సంవత్సరం వార్షికోత్సవానికి వచ్చిన గెస్టు మైకులో ఏమన్నారో తెలుసా? గురి మీ రక్తంలోనే ఉందన్నారు. రక్తంలోనే ఉంటే ఇంక కోచ్ ఎందుకు, కొలత ఎందుకు, బడ్జెట్ ఎందుకు? ఆ మాటతో వాళ్ళకి అన్నీ మిగిలిపోతాయి.

మంచి సామాను ఖరీదు మనకి అందదు, అది ఒప్పుకుంటా. ఒలింపిక్స్ రకం రికర్వ్ సెట్టు లక్ష దాటుతుంది, డజను కార్బన్ బాణాలకే పదుల వేలు. కాంపౌండ్ కూడా అంతే, అది 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లోకి మిక్స్‌డ్ టీముగా మొదటిసారి వస్తోంది. మనం పట్టే వెదురు విల్లుకి ఇండియన్ రౌండ్ అని జాతీయ పోటీల్లో చోటుంది, 50, 30 మీటర్లకి. దేశం దాటితే ఆ విభాగమే లేదు. కానీ కొలవడానికి లక్షలు అక్కర్లేదు. ఇక్కడ కొంచెం ఆగి చూడండి.

బాణం స్పైన్ కొలవాలంటే, రెండు మేకులు 28 అంగుళాల దూరంలో కొట్టి వాటి మీద బాణం పుల్ల పెట్టండి. సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీయండి. సీసాలో నీళ్ళు పోసి సీసాతో కలిపి 880 తూగేట్టు చూసుకుంటే చాలు. పుల్ల ఎంత కిందకి వంగిందో స్కేలుతో చూడండి. 12.7 మిల్లీమీటర్లు వంగితే అది కంపెనీ భాషలో 500 స్పైన్. అంకె పెరిగే కొద్దీ మెత్తన. చిన్నపిల్లల తేలిక విల్లులకి వెయ్యి, ఆ చుట్టుపక్కల కావాలి. వంద వెదురు పుల్లలు కొలిస్తే ఒకేలా వంగే పన్నెండు దొరక్కపోవు. వాటిని మళ్ళీ చిన్న డిజిటల్ కాటా మీద తూచి బరువు కలిసేవి ఏరాలి, ఆ కాటా కొన్ని వందల్లో వస్తుంది.

వేగం కొలవాలంటే ఫోన్లో వాయిస్ రికార్డర్ చాలు. ఫోను మీ కాళ్ళ దగ్గర పెట్టి 30 మీటర్ల నుంచి అట్టకి వేయండి. నారి చప్పుడుకీ బాణం తగిలిన చప్పుడుకీ మధ్య 0.79 సెకను వచ్చింది అనుకోండి. తగిలిన చప్పుడు మన దాకా రావడానికి 0.09 పోతుంది. మిగిలింది 0.70. అంటే వేగం సెకనుకి 43 మీటర్లు. ఆ లోపు బాణం పడింది రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. ఇంటర్‌లో చదివిన సూత్రమే, సగం జీ టీ స్క్వేర్. ఆ రైఫిల్ ఆయన ఫోన్లో నడిచేది దీనికి పెద్దన్న.

దీంతో ఏం ఒరుగుతుంది అంటారా? ఒలింపిక్స్ దూరం 70 మీటర్లు. బాణం దాదాపు 1.2 సెకన్లు గాల్లో ఉంటుంది, ఏడు మీటర్లు పడుతుంది. పది మార్కుల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లు మాత్రమే. పన్నెండు బాణాల్లో ఒకటి ఒక్క శాతం నెమ్మదిగా పోయిందంటే 14 సెంటీమీటర్లు కింద తగులుతుంది. మీరు గురి ఎంత బాగా పెట్టినా ఆ బాణానికి పది రాదు, ఎనిమిదే. రక్తం ఏ గ్రూపైనా సరే.

కాబట్టి మెమోరాండంలో "గిరిజన విద్యార్థులకు విలువిద్య కిట్లు ఇవ్వాలి" అని ఒక్క లైను రాస్తే నేను ఒప్పుకోను. ఇస్తారు, ఫోటో దిగుతారు, స్టోర్‌రూమ్‌లో పెడతారు. ఇట్లా రాద్దాం: పిల్లల చేతుల కొలత తీసుకున్నాకే విల్లు సైజు రాయాలి (రెండు చేతులు చాచిన పొడుగుని రెండున్నరతో భాగిస్తే ఎంత లాగగలరో సుమారుగా వస్తుంది, 150 సెంటీమీటర్లుంటే 60). బాణాలు మూడు నాలుగు స్పైన్లలో రావాలి. ప్రతి డివిజన్‌కి ఒక క్రోనోగ్రాఫ్, విల్లు బలం తూచే కాటా. పీఈటీ సార్లకీ మేడమ్‌లకీ నిజమైన కోచ్ దగ్గర ట్రైనింగు, రెండు రోజుల సర్టిఫికెట్ కాదు. గ్రౌండు కొలిచి గీతలు గీసి, వెనక మట్టి కట్ట వేసి ఇవ్వాలి. ప్రతి స్కూల్లో అమ్మాయిలకి సగం విల్లులు. ఇందులో ఏది తీసేయాలన్నా ఎందుకో గ్రూపులోనే చెప్పండి, వాట్సాప్‌లో పర్సనల్‌గా వద్దు.

ఆగస్టు 9న స్టేజీ మీద ఎప్పట్లాగే విల్లు పట్టుకుని డాన్సు ఉంటుంది, ఉండనివ్వండి, నేనూ ఆడతా. పక్కనే ఒక బల్ల వేసి రెండు మేకులు, నీళ్ళ సీసా, కాటా పెడతాను. ఎవరి ఊరి బాణాలు వాళ్ళు పదేసి తెండి, కొలిచి కాగితం మీద రాసిస్తా. విల్లు లాగే బలం చూడటానికి కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా కావాలి, చేపల వాళ్ళ దగ్గర ఉంటుందే అది, ఇరవై కిలోల దాకా తూగేది. భద్రాచలం వైపు ఎవరి దగ్గరైనా ఉంటే కింద చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.