బూటు లేసు



హైదరాబాదులోని అబిడ్స్ బజారు మీలో కొందరైనా చూసి ఉంటారు. బడులు తెరిచే రోజుల్లో అక్కడి బూట్ల దుకాణాలలో నిలబడటానికి చోటు దొరకదు. ఆ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసునా? ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఉండేవాడు. నవాబుగారి దుస్తులూ పాదరక్షలూ చూసుకోవడం ఆయన పని. ఆయన ఇక్కడ పెట్టిన దుకాణం పోయింది గాని, పేరు మిగిలింది.

ఆ నిజాం ఒకసారి తొడిగిన దుస్తులు మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. అటువంటివారికి లేసు మార్చే అవసరమేముంది? మనకు ఉంది. నాన్నగారు డబ్బు కూడబెట్టి కొన్న తోలు బూట్లు మీకు బిగువయ్యాక తమ్ముడికి పనికిరావాలి గదా!

నడిచేటప్పుడు అడుగడుగుకూ బూటు వంగుతుంది. లేసు కన్నం అంచుమీద అటూ ఇటూ ఒరుసుకుని, పోగు వెంట పోగు తెగుతుంది. అరిగేది లేసు కావడమే మంచిది; బూటుతో పోలిస్తే దాని వెల ఎంత? పోగులు పైకి లేచినా, ఒకచోట సన్నబడినా, కొసనున్న గట్టి తొడుగు ఊడినా తెగేదాకా ఆగకండి. రెండు లేసులూ ఒకేసారి మార్చండి. రెంటి వయస్సూ ఒకటే! ఎన్ని లేసులు మార్చినా ఒకే కన్నం దగ్గర తెగుతుంటే తప్పు లేసుది కాదు. ఆ కన్నాన్ని వేలితో తడిమి చూడండి. అంచు గరుకుగా ఉంటే చెప్పులు కుట్టే అతనిచేత కొత్త కన్ను వేయించండి.

దుకాణానికి పాత లేసు వెంట తీసుకుపోండి. తెగినదైతే ముక్కలు రెండూ కలిపి కొలవండి. ముడి వేశాక కొసలు నేలను తాకరాదు. కన్నంలో బలవంతం లేకుండా దూరాలి. తోలు బూట్లకు మైనం పట్టించిన సన్నని నూలు లేసు మేలు. మైనం వల్ల ముడి జారదు. నున్నని గుండ్రటి నైలాను లేసు గట్టిదే గాని, ముడి తొందరగా వదులవుతుంది. గుడ్డ బూట్లకు బల్లపరుపు లేసు బాగుంటుంది.

ఇక ఎక్కించడం. ఆస్ట్రేలియాలోని గణితశాస్త్రజ్ఞుడు బర్కార్డ్ పోల్‌స్టర్ 2002లో లెక్కలు కట్టి, సాధారణంగా మనం వేసే అడ్డదిడ్డపు అల్లికా, అడ్డంగా తిన్నగా వేసే అల్లికా అన్నిటికన్న గట్టివని తేల్చాడు. మామూలు అలవాటే సరైనదన్నమాట!

మరి గట్టిగా కట్టిన ముడి ఎందుకు ఊడుతుంది? 2017లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు, పరుగెత్తే మనిషి బూటును ఫిలిము తీసి నెమ్మదిగా తిప్పి చూశారు. కాలు నేలను తాకినప్పుడు భూమ్యాకర్షణకు ఏడు రెట్ల అదురు పుడుతుంది. ఆ అదురుకు ముడి సడలుతుంది. కాలు ఊగినప్పుడు కొసలు కొరడాలలాగా విసురుకుని దానిని లాగేస్తాయి. ఒకసారి సడలడం మొదలైతే క్షణాలలో ఊడిపోతుంది.

దీనికి మందు ముడిలోనే ఉంది. ముడి వేశాక ఉచ్చులు రెండూ ఎటు ఉన్నాయో చూడండి. బూటుకు అడ్డంగా పడుకుంటే సరైన ముడి. ఒకటి వేళ్ళవైపు, ఒకటి మడమవైపు తిరిగితే తప్పు ముడి. అప్పుడు మొదటి మెలికను మాత్రం ఎదురు దిక్కుకు వేసి, తక్కినదంతా ఎప్పటిలాగే కట్టండి.

ఇది చిన్న సంగతి అనుకోకండి సుమా! నాంపల్లి స్టేషనులో రైలు అందుకోవాలని పరుగెత్తేవాడూ, అబిడ్స్‌లో మోటార్ల నడుమ రోడ్డు దాటేవాడూ తన లేసు తానే తొక్కితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఈ రాత్రే మీ బూట్లూ, నాన్నగారి బూట్లూ దీపం దగ్గర పెట్టి లేసులు పరీక్షించండి.