పాటలో అపస్వరం లేదు

మిరప కోతల్లో మన అవ్వలు పాడే పాటను మ్యూజ్‌స్కోర్‌లో రాయబోతే ముందే కీ సిగ్నేచర్ ఎంచుకోమంటుంది. ఏ స్వరాలు హెచ్చాలో, ఏవి తగ్గాలో పాటంతటికీ ఒకేసారి చెప్పే గుర్తు అది. మామూలు గుర్తులు 15. వాటిలో మాయామాళవగౌళకే చోటు లేదు. సి షడ్జమైతే డి, ఎ మాత్రమే ఫ్లాట్ కావాలి. ఆ గుర్తుల్లో డి ఫ్లాట్ అయితే బి, ఇ కూడా అవుతాయి. పెద్ద రాగానికే చాలని కొలతతో మన పాటను అపస్వరమనడం ఏం న్యాయం? దిద్దిన పాటే పిల్లలకు నేర్పితే అసలుది అవ్వతోనే పోతుంది. అందులోనే సొంత కీ సిగ్నేచర్ తయారుచేసుకునే వీలుంది. ముందు పాట విని రికార్డు చేద్దాం, తర్వాతే గుర్తు పెడదాం. గీతల్లో ఇమడని జారుడును రికార్డులో దాచుదాం. పెదకాకానిలో అవ్వలు పాడుతుండగానే ఈ పని మొదలుపెట్టాలి.