శ్లోకం దగ్గర మొదలయ్యే గ్రంథాలయం

భగవద్గీత చదవాలని కూర్చున్న తెలుగు పాఠకుడి ముందు ఇవాళ ఒక్క గీత ఉండదు. విద్యాప్రకాశానందగిరి స్వామి గీతామకరందం, గీతాప్రెస్ వాళ్ల తెలుగు ప్రచురణలు, శాంకరభాష్యానికి రెండు మూడు అనువాదాలు, తిలక్ గీతారహస్యం, తిరుమల తిరుపతి దేవస్థానం ఉచితంగా అందిస్తున్న ఈ-పుస్తకాలు, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎవరో పంపగా దించుకున్నవి, అన్నీ ఫోన్లోనో హార్డ్‌డిస్కులోనో పోగుపడి ఉంటాయి. గీతతో ఆగదు. ఉపనిషత్తులు, పురాణాలు, స్తోత్రాలు, ఆగమాలు, ఉపన్యాస సంకలనాలు వచ్చి చేరుతూనే ఉంటాయి. వేలకు వేలయ్యాక వాటిని సర్దడం ఎలాగన్న ప్రశ్న పుడుతుంది. రచయితల పేరిట ఫోల్డర్లు పెట్టుకునేవాళ్లు కొందరు, దేవతల పేరిట కొందరు. భక్తి, వేదాంతం, జ్యోతిషం అని విషయాన్ని బట్టి విడదీసేవాళ్లే ఎక్కువ. శ్రద్ధగా చదవదలచినవాళ్లకు ఈ పద్ధతులు పెద్దగా ఉపకరించవని నా అభిప్రాయం. ఆ గ్రంథాలు పుట్టిన తీరులోనే వాటి వరస ఉంది. మూలాన్ని మధ్యలో పెట్టుకుని, తక్కిన ప్రతి పుస్తకాన్నీ అది ఏ మూలంలో ఏ భాగానికి చెందుతుందో అక్కడ చేర్చాలి. అలా ఎక్కడా చేరనిది ప్రస్తుతం చదువుతున్న పుస్తకాల మధ్య ఉండనక్కర్లేదు.

ఈ రాశి ఎలా పెరిగిందో చూస్తే మందు కూడా అక్కడే దొరుకుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు పాలుపంచుకున్నాయి. దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల, కాలేజీ లైబ్రరీల అటకల మీద చెదలు పట్టిపోవలసిన తెలుగు గ్రంథాలు వేలాదిగా స్కాన్ అయ్యాయి. ఆ మేలు మరువరానిది. అయితే పుటలను ఫొటో తీసినంత శ్రద్ధ వాటి వివరాలు రాయడంలో చూపలేదు. తెలుగు పేర్లను ఎవరికి తోచిన ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్లు టైపు చేశారు. రచయిత పేరుండాల్సిన చోట చాలాసార్లు ఖాళీ, కొన్నిసార్లు ముద్రాపకుడి పేరు. ఒకే పుస్తకం రెండు మూడు కేంద్రాల్లో స్కానై రెండు మూడు పేర్లతో నిలిచింది. ఆ ఫైళ్ల గుర్తింపు సంఖ్యల్లో కనిపించే 2015 అన్న అంకె పుస్తకం అచ్చయిన సంవత్సరం కాదు. అయినా దాన్నే ముద్రణ సంవత్సరం అనుకుని రాసుకునేవాళ్లున్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి మనం దించుకుంటున్నది ఈ వివరాలతోనే, ఈ తప్పులతోనే. అక్కడి గందరగోళం అక్షరం పొల్లుపోకుండా మన ఫోల్డర్లలోకి దిగుతోంది.

రచయిత పేరు, విషయం అనే రెండు కొలతలూ నవలలకూ చరిత్ర గ్రంథాలకూ సరిపోతాయి. మన శాస్త్రగ్రంథం విడిగా నిలబడేది కాదు, ఇంకొక గ్రంథం మీద ఆనుకుని రాసినది. శంకరుల లెక్కన 555 సూత్రాలున్న బ్రహ్మసూత్రాలు మూలం. వాటి మీద శంకరుల భాష్యం. ఆ భాష్యం మీద వాచస్పతిమిశ్రుడి భామతి, భామతి మీద అమలానందుడి కల్పతరువు, కల్పతరువు మీద అప్పయ్య దీక్షితుల పరిమళం. అదే భాష్యం మీద పద్మపాదుడి పంచపాదికతో మొదలై ప్రకాశాత్ముడి వివరణంతో సాగే ఇంకొక శాఖ. రామానుజుల శ్రీభాష్యం దగ్గర సుదర్శనసూరి శ్రుతప్రకాశిక, మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం దగ్గర జయతీర్థుల న్యాయసుధ. ఎవరు ఎవరి తర్వాత, ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారు అన్నది ఈ వంశవృక్షంలోనే ఉంది. వీటిని "వ" కింద వాచస్పతి, "అ" కింద అప్పయ్య అని అక్షరక్రమంలో పెడితే చెట్టును నరికి కట్టెలు పేర్చినట్టే. ఒక్కో పుస్తకం చేతికి దొరుకుతుంది గానీ, అది ఎందుకు పుట్టిందో తెలియకుండా పోతుంది.

మూలాన్ని మధ్యలో పెట్టగానే ఇంకొక పని తప్పనిసరి అవుతుంది. ఏ పాఠం, ఏ ప్రతి, ఎవరి పరిష్కరణ అన్నది తేల్చుకోవాలి. ఇది పండితుల చాదస్తమని తోసేయడానికి వీల్లేదు. గీత పదమూడో అధ్యాయాన్నే తీసుకోండి. కొన్ని ముద్రణల్లో అది అర్జునుడి ప్రశ్నతో మొదలవుతుంది. శంకరులు వ్యాఖ్యానించిన పాఠంలో ఆ శ్లోకం లేదు. దాన్ని లెక్కలో చేర్చిన పుస్తకంలో ఆ అధ్యాయం 35 శ్లోకాలు, చేర్చని దానిలో 34. అంటే అక్కడి నుంచి అధ్యాయం చివరిదాకా రెండు పుస్తకాల సంఖ్యలూ ఒక్కటి చొప్పున తేడా. ఒక వ్యాఖ్యలో పదమూడో అధ్యాయం అయిదో శ్లోకం చూసి ఇంకొక దానిలో అదే సంఖ్య తీస్తే వేరే శ్లోకం వస్తుంది. ఇది తెలియని పాఠకుడు ఇద్దరు వ్యాఖ్యాతలూ పొంతన లేకుండా మాట్లాడుతున్నారని అనుకునే ప్రమాదం ఉంది. వాల్మీకి రామాయణంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. దాక్షిణాత్య పాఠానికీ ఉత్తరాది పాఠాలకూ సర్గల లెక్కే కలవదు. బరోడా ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి 1975 దాకా వెలువరించిన పరిష్కృత ప్రతి సంఖ్యలు మన ఇళ్లలోని పారాయణ ప్రతులకు సరిపోవు. పోతన భాగవతమని పేరున్న ఫైలులో అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు నారయవి. ఆ స్కంధాల్లో పద్యం నచ్చి పోతన శైలి అని మురిసిపోతే అది ఆ ముగ్గురికీ అన్యాయం. ఫైలు పేరులోనే మూలం, వ్యాఖ్యాత, పరిష్కర్త, ముద్రణ సంవత్సరం తెలుగులో రాసుకుంటే ఈ పొరపాట్లలో సగం మొదట్లోనే ఆగుతాయి.

బైబిలు చదివేవాళ్లకు ఈ మేలు ఏనాడో ఒనగూడింది. అధ్యాయ విభజన పదమూడో శతాబ్దంలో స్థిరపడింది. 1551లో రొబేర్ ఎస్తియెన్ కొత్త నిబంధనను అంకెలు వేసిన వచనాలుగా అచ్చువేశాడు. ఆ అంకెలు భాషలన్నిటా పాకాయి. అందుకే ఇవాళ బైబిలు అధ్యయన సాఫ్ట్‌వేర్లలో ఒక వచనం మీద నొక్కితే పాఠకుడి దగ్గరున్న వ్యాఖ్యానాలన్నీ అదే వచనం దగ్గర తెరుచుకుంటాయి. పుస్తకాలు వందలున్నా బరువు తెలియదు. మనకు చేతకాని పనేమీ కాదిది. ఐఐటీ కాన్పూరు వాళ్ల గీతా సూపర్‌సైట్‌లో శ్లోకాన్ని తెలుగు లిపిలోనే ఎంచుకుని శంకర, రామానుజ, మధ్వ వ్యాఖ్యలను పక్కపక్కన చూడవచ్చు. ఒక్కసారి అలా చదివినవాళ్లకు మళ్లీ పీడీఎఫ్‌ల గుట్టలోకి పోబుద్ధి కాదు.

వెతుకులాట యంత్రాలుండగా ఈ సర్దుడంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. మాట టైపు చేస్తే క్షణంలో దొరకదా అంటారు. తెలుగులో దొరకదు. మన దగ్గరున్న ఫైళ్లలో అధికభాగం ఫొటోలు, వాటిలో అక్షరమంటూ ఏదీ లేదు. ఓసీఆర్‌తో అక్షరాలు రాబట్టినా పాత ముద్రణల్లోని అరసున్నలు, బండి ఱ, వలపలగిలకలు దాన్ని తికమక పెడతాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాలైతే తెర మీద చక్కటి తెలుగులో కనిపిస్తాయి, వెతికితే లోపల ఉన్నది అర్థంలేని గుర్తులు. ఇవన్నీ దాటినా సంధి మిగిలే ఉంది. "ఇంద్రియ" అని వెతికితే "జితేంద్రియ" రాదు, "సర్వేంద్రియ" రాదు. ఎందుకంటే అచ్చు అక్కడ గుణింతమై కలిసిపోయింది. వెతుకులాట ఉపకారం చేయదని కాదు. అది ఇచ్చిన జాబితాను మొత్తమని నమ్మి ఒక ఆచార్యుడు ఫలానా మాట అననేలేదని తీర్మానించడం తగదు.

కృత్రిమ మేధ ఉంది కదా, ప్రశ్న వేస్తే జవాబే చెబుతుంది అన్నది ఇదే ఆక్షేపణకు తాజా రూపం. జవాబు వస్తుంది, నిజమే. ఎవరి జవాబు అన్నదే తెలుసుకోవలసింది. గీత పద్దెనిమిదో అధ్యాయం 66వ శ్లోకంలో ధర్మాలన్నిటినీ విడిచిపెట్టమన్న మాటకు శంకరులు సర్వకర్మ సన్న్యాసమని అర్థం చెప్పారు. రామానుజులు కర్మను విడవమనలేదు, ఫలాన్నీ కర్తృత్వాన్నీ విడవమన్నారని చెప్పి, భక్తియోగానికి అడ్డుపడే పాపాలకు చేయవలసిన ప్రాయశ్చిత్తాల విషయంగా ఇంకొక అర్థం కూడా ఇచ్చారు. శ్రీవైష్ణవులకు అది చరమశ్లోకం. ఈ మూడింటినీ కలిపి ముద్ద చేసి నాలుగు వాక్యాల్లో ఇచ్చే జవాబు ఏ ఆచార్యుడిదీ కాదు. మూలం చుట్టూ వ్యాఖ్యలను వరసగా పెట్టుకున్న పాఠకుడు ఆ జవాబును అయిదు నిమిషాల్లో సరిచూసుకోగలడు. తనకొక సంప్రదాయం ఉన్నా ఎదుటి సంప్రదాయం అదే శ్లోకం దగ్గర ఏమంటోందో వినక తప్పని స్థితి ఈ అమరికలో ఉంది. సంకుచితత్వానికి ఇంతకంటే మంచి విరుగుడు నాకు కనిపించదు.

మరింత గట్టి ఆక్షేపణ పాతవాటిని కాపాడాలనుకునేవాళ్లది. ఏ పుస్తకాన్నయినా తొలగిస్తే రేపది ఎక్కడా దొరక్కపోతే ఎలా అంటారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డప్పుడు ఇంకొకచోట నకళ్లు ఉండబట్టే ఆ సంపద నిలిచింది. ఈ భయం న్యాయమైనదే. కాబట్టి భద్రపరచడాన్నీ చదువుకోవడాన్నీ వేరు చేయాలి. అరుదైన స్కాన్లు వేరే డిస్కులో, రెండు నకళ్లుగా, సరైన వివరాలతో ఉండాలి. అందరి దగ్గరా ఉన్న పుస్తకానికి ఏడో నకలు దాచడం వల్ల ఏ గ్రంథమూ రక్షింపబడదు. తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలో హుండీ ఎదుటి అరలో శతాబ్దాలపాటు భద్రంగానే ఉన్నాయి. పాడేవాళ్లు లేక, చదివేవాళ్లు లేక లోకానికి అన్నమయ్య పేరే దాదాపు మరుగున పడింది. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు వెలికి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని పరిష్కరించి దేవస్థానం ద్వారా అచ్చులోకి తేగలిగారు. కీర్తన మీద రాగం పేరు, ఆధ్యాత్మమా శృంగారమా అన్న విభాగం ఉండటం ఆ పనికి ఎంత ఆధారమయిందో ఆలోచించండి. చెక్కించినవాళ్లు వివరం కూడా చెక్కించారు. మన స్కాన్లకు ఆ పాటి వివరమైనా లేదు. ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. రచయిత మరణించాక 60 ఏళ్లదాకా మన చట్టం ప్రకారం హక్కులుంటాయి. ఇప్పటికీ అమ్మకంలో ఉన్న వ్యాఖ్యానాల స్కాన్లను పంచిపెట్టడం, అది ధర్మగ్రంథమైనా సరే, రాసినవారికీ అచ్చువేసినవారికీ చేసే నష్టమే. అలాంటివాటిని తీసేసి పుస్తకం కొనుక్కోవడం మేలు.

అన్నిటికంటే నేను ఎక్కువగా గౌరవించే అభ్యంతరం వేరే ఉంది. తగ్గించుకోండి, ఒక మూలం పట్టుకోండి అనడం పాత కట్టడినే తిరిగి తేవడం కాదా అన్నది. తెలుగునాట వైదికుల్లో ఎక్కువమంది కృష్ణయజుర్వేదం తైత్తిరీయశాఖ వారు. తన శాఖ పూర్తిచేశాకే ఇంకొకటి అన్నది అధ్యయన నియమం. ఆ నియమం మంచిదే కావచ్చు, ఆ గడప మాత్రం స్త్రీలకూ, అత్యధిక కులాలవారికీ మూసి ఉండేది. ఫోన్లోకి వచ్చిన పీడీఎఫ్ ఆ తలుపు తెరిచింది. ఎవరినీ అడగకుండా, ఎవరి కాళ్లూ పట్టకుండా ఉపనిషద్భాష్యం చదవగల రోజు రావడం చిన్న సంగతి కాదు. ఆ తలుపు మళ్లీ మూయమని నేను అనను. కానీ రెండు వేల ఫైళ్లు చేతిలో పెట్టి ఏది ముందో ఏది వెనకో చెప్పకపోతే, కొత్తగా వచ్చిన పాఠకుడు తిరిగి ఎవరో ఒక ప్రవచనకర్త మీదే ఆధారపడతాడు. ఇంట్లో గురుశిష్య పరంపర ఉన్నవాడికి వరస నోటిమాటగా తెలుసు. లేనివాడికి అది జాబితా రూపంలో రాసి ఇవ్వాలి. వరస అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది వాడికే.

ఈ పనిలో పెద్ద భాగం సంస్థలది. తిరుమల తిరుపతి దేవస్థానం, తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, భాషాసాంకేతికంలో ఏళ్లుగా పనిచేస్తున్న హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కలిసి కవిత్రయ భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం చొప్పున, భాగవతానికి స్కంధం, పద్యం చొప్పున ఒక ఉమ్మడి సంఖ్యాపట్టిక తయారుచేసి, వేర్వేరు ముద్రణల్లో అదే పద్యం ఏ అంకె కింద ఉందో చూపగలిగితే తెలుగు పాఠకుడికి అంతకుమించిన సాయం ఉండదు. కొత్తగా స్కాన్ చేసే డబ్బులో కొంత ఇప్పటికే ఉన్న స్కాన్ల వివరాలు సరిదిద్దడానికి మళ్లించాలి. పాఠకుడు మాత్రం వాళ్లకోసం ఆగనక్కర్లేదు. గీత పన్నెండో అధ్యాయంలో ఉన్నవి 20 శ్లోకాలే. తన దగ్గరున్న వ్యాఖ్యానాల్లో మూడింటిని ఎంచుకుని, ఒక్కో శ్లోకానికి ఏ పుస్తకంలో ఎన్నో పుటలో వ్యాఖ్య ఉందో ఒక పట్టికగా రాసుకుంటే అది రెండు ఆదివారాల పని. ఆ పట్టిక పూర్తయ్యేసరికి మిగతా గీతాపుస్తకాల్లో ఏవి ఉంచుకోవాలో తనకే తెలుస్తుంది.