భరణం కాదు, భాగం

భర్త, భార్య, భరణం, భృతి, భృత్యుడు - ఈ అయిదు మాటలూ ఒకే ధాతువునుంచి పుట్టాయి. పోషించేవాడు భర్త. పోషింపబడవలసినది భార్య. పోషింపబడుతూ పనిచేసేవాడు భృత్యుడు. ఆలినీ పాలేరునూ ఒకే గాటన కట్టిన ఈ వ్యుత్పత్తిలో భూస్వామ్య సమాజం తన గుట్టు తానే బయటపెట్టుకున్నది. విచారకరమైన విషయమేమంటే, వ్యాకరణం ఏనాడో ఇచ్చిన ఈ తీర్పునే మన చట్టం నేటికీ అమలు జరుపుతున్నది.

నిజానికి ఎవరు ఎవరిని పోషిస్తున్నారు? మా సత్తుపల్లి చుట్టుపక్కల పామాయిల్ తోటలు చూడండి. మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని గెల కోతకు రాదు. ఆ తరువాత పాతికేళ్లకు పైగా కాపు. రాబడి లేని ఆ మొదటి ఏళ్లలో కలుపు తీసి, పశువులను సాకి, కూలికి కూడా పోయి ఇల్లు నడిపేది ఆడది. పాసుపుస్తకం మీద పేరు మాత్రం మగవాడిది. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము ఆ పేరుకే వచ్చింది. బొగ్గు గనికి భూమి పోతే పరిహారమూ ఆ పేరుకే. తోట కాపుకు వచ్చిన ఏడు ఆ మగవాడు ఆమెను వెళ్లగొడితే, ఆమె తన వాటా అడగలేదు. భరణం అడగాలి!

మా విద్యార్థులు అప్పుడప్పుడు తల్లుల కాగితాలు, అక్కల కాగితాలు పట్టుకొని నావద్దకు వస్తారు. ప్రశ్నలు ఎప్పుడూ నాలుగే. విడాకులు ఎలా వస్తాయి? ఆస్తిలో వాటా ఉందా? నెలకు ఏమైనా ఇప్పిస్తారా? పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు?

మొదటిదానికి జవాబు తేలిక. ఇద్దరూ ఒప్పుకుంటే, ఏడాది విడిగా ఉన్న తరువాత కలిసి దరఖాస్తు చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే క్రూరత్వమో, విడిచిపెట్టడమో రుజువు చేయాలి. స్త్రీకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. మూడోదానికీ జవాబు ఉన్నది. తనను తాను పోషించుకోలేని భార్య, విడాకులు పొంది మళ్లీ పెళ్లాడని స్త్రీ కూడా, కుల మత భేదం లేకుండా మనోవర్తి కోరవచ్చు. దరఖాస్తు పెట్టిన తేదీనుంచే అది లెక్కకు రావాలనీ, ఇద్దరూ తమ ఆస్తిపాస్తులను ప్రమాణపత్రంలో వెల్లడించాలనీ 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

చట్టం నోరు పెగలనిది రెండో ప్రశ్న దగ్గర. పుట్టింటి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉన్నది. ఆ దారిలో మన రాష్ట్రం 1986లోనే అడుగువేసింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. మరి మెట్టినింట? హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా మరణిస్తే భార్య మొదటి తరగతి వారసురాలు. అతడు బతికి ఉండి విడాకులిస్తే, ఆ కాపురంలో అతడి పేర సమకూరిన భూమిలో ఆమెకు సెంటు కూడా హక్కుగా రాదు. భర్త చస్తే భాగం, బతికి వదిలేస్తే భరణం! ఇంతకంటె హీనమైన న్యాయం ఏముంటుంది?

నాలుగో ప్రశ్న ఈ రెండోదాని బిడ్డే. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లివద్ద ఉండాలని 1956 నాటి చట్టం. ఆ తరువాత బిడ్డ క్షేమమే గీటురాయి అంటారు. కాని ఇల్లు లేని తల్లి, ఇల్లున్న తండ్రి ఎదురెదురుగా నిలబడితే ఆ గీటురాయి మీద ఎవరికి మెరుపు కనిపిస్తుందో చెప్పనక్కరలేదు. భాగం లేని తల్లి బిడ్డను గెలవడం కష్టం. గెలిచినా పెంచడం కష్టం.

అడవి అంచున కోయ స్త్రీల స్థితి మరొకటి. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప హిందూ వివాహ, వారసత్వ చట్టాలు షెడ్యూల్డు తెగలకు వర్తించవు. వారికి ఆచారమే చట్టం. స్త్రీకి వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు సమానత్వమే సూత్రం కావాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబ వ్యాజ్యంలో చెప్పింది. ఆ తీర్పు కూడా పుట్టింటి ఆస్తి గురించినదే.

భాగం అడగడం సాహసం కాదు. పెళ్లితో ఆస్తి ఉమ్మడి అయ్యే పద్ధతి పోర్చుగీసు కాలంనుంచి గోవాలో ఉన్నది. ఇంటి చాకిరీ కూడా ఆస్తి సంపాదనలో పాలేనని 2023లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో ఒప్పుకున్నది. విడాకుల వేళ భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే బిల్లును రాజ్యసభ 2013లో ఆమోదించింది. లోక్‌సభ దాని ముఖం చూడలేదు. 2014లో అది మురిగిపోయింది. దానికోసం మనలో ఎందరం ఊరేగింపు తీశాం?

ఇక్కడ మన మిత్రులే అడ్డు వస్తారు. 'ఆస్తి ప్రశ్న బూర్జువా ప్రశ్న; సొంత ఆస్తి పోయిననాడు ఇదీ పోతుంది' అంటారు. అయ్యా, అదే మాట కౌలుదారుతో ఎందుకు చెప్పలేదు? 'దున్నేవాడిదే భూమి' అని ఎందుకన్నాం? శ్రమించినవాడికి ఫలం మీద హక్కు ఉన్నది గనుక. మరి ఆ నినాదంలో 'వాడు' ఉన్నాడు. నాటేది, కలుపు తీసేది, కోసేది ఏది? 1973 భూపరిమితి చట్టం లెక్కకు భార్యాభర్తలు ఒకే కుటుంబం. ఆమె భూమి కూడా అతడి లెక్కలో కలిసింది. విడాకుల లెక్కకు మాత్రం ఎవరి ఆస్తి వారిది! ఈ రెండు నాల్కల ధర్మాన్ని మన వర్గ విశ్లేషణ ఇంతకాలం ఎలా దాటిపోయింది?

సంప్రదాయవాదులు కాపురాలు కూలుతాయని బెదిరిస్తారు. ఆకలి భయంతో నిలిచే కాపురం కాపురం కాదు, వెట్టి.

కాబట్టి విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయవలసింది స్పష్టం. ప్రతి పట్టా మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. కాపురంలో సమకూరినదానిలో సగం భార్యదని చట్టం రావాలి. రైతు సంఘాలు తమ కోరికల పత్రంలో దీనిని మొదటి పుటలో రాయాలి. రాయించవలసినవాళ్లం మనమే.