ఐస్ హాకీ ప్లేయర్లూ.. ఇన్‌లైన్ స్కేట్స్ కొనేముందు ఏబీఈసీ నంబర్ చూసి పడిపోకండి

కెనడాలో చదివిన రెండేళ్లూ ఐస్ హాకీ ఆడాను. హైదరాబాద్ తిరిగొచ్చాక ఐస్ ఎక్కడ? ఇన్‌లైన్ స్కేట్స్ ఆర్డర్ పెట్టేశా. బాక్స్ మీద ‘ఏబీఈసీ-9’ చూసి ఎక్కువ డబ్బు పెట్టా. తప్పు అక్కడే జరిగింది.

కెమెరాకు మెగాపిక్సెల్ ఎలాగో, బేరింగ్‌కు ఏబీఈసీ అలాగే. తయారీ కొలతలు ఎంత కచ్చితమో చెప్తుంది, అంతే. దుమ్ము సంగతి, పక్కనుంచి పడే ఒత్తిడి సంగతి చెప్పదు. నెలకే చక్రాలు గరగరలాడాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక బేరింగ్ షాపులో చూపిస్తే, కొలవకుండానే "608 హై, భాయ్" అన్నాడాయన. లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. చాలా ఇన్‌లైన్ స్కేట్స్‌లో ఉండేది ఈ సైజే. ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? ముందు బూట్: మడమ లోపల కదలకూడదు. తర్వాత ఫ్రేమ్. ఐస్ బ్లేడ్ అడుగు కాస్త వంపుగా ఉంటుంది. దానికి అలవాటైన కాళ్లకు, నాలుగు చక్రాలూ నేలకు ఆనితే తిరగడం బరువనిపిస్తుంది. మార్స్‌బ్లేడ్ లాంటి ఊగే ఫ్రేమ్ ఐస్ ఫీల్‌కు దగ్గరగా వస్తుంది, కానీ ఖరీదు. బడ్జెట్ లేకపోతే ముందు చిన్న, వెనక పెద్ద చక్రాలుండే హై-లో ఫ్రేమ్ చాలు. సిమెంట్ మీద ఆడేవాళ్లు 82ఎ, ఆపైన ఉండే గట్టి చక్రాలే తీసుకోండి. మెత్తని ఇండోర్ చక్రాలు ఇట్టే అరిగిపోతాయి.

ఒక్క మాట. ఐస్ మీద ఆపినట్టు పాదాలు అడ్డంగా తిప్పితే చక్రాలు నేలను పట్టేస్తాయి, మనం బోర్లా పడతాం. నేను పడ్డా. ఏ ఫ్రేమూ దీన్ని తప్పించదు. అందుకే ఏబీఈసీలో మిగిలిన డబ్బు హెల్మెట్‌కు, మోకాలి ప్యాడ్లకు పెట్టండి.