దూరమును జయించినది ఎవరు?

విమానము పుట్టినది, దూరము చచ్చినది అని మన విద్యావంతులలో కొందఱు మురియుచున్నారు. సరిహద్దులు ఇక నామమాత్రములేననియు, స్వావలంబనమును గూర్చి పలుకుట చాదస్తమనియు వారు బోధించుచున్నారు. అట్టివారు ఫిన్లండు రాజధాని హెల్సింకి నుండి జపాను రాజధాని టోక్యోకు గల ఆకాశమార్గపు చరిత్రను ఒకమాఱు చదువవలయును.

ఈ రెండు నగరముల నడిమి దూరము ఇంచుమించు 7,800 కిలోమీటర్లు. ఏ ప్రభుత్వము మాఱినను ఈ సంఖ్య మాఱదు. మఱి ప్రయాణకాలమో? 1983లో ఫిన్నెయిర్ సంస్థ నడుమ ఎచ్చటను దిగకుండ విమానము నడుప నారంభించినపుడు దాదాపు 13 గంటలు పట్టెను. సూటిదారి సైబీరియా మీదుగా నున్నది. సోవియట్ ప్రభుత్వము దానిని ఇయ్యలేదు. కావున ఉత్తరధ్రువమును దాటి, బేరింగు జలసంధి మీదుగా చుట్టి రావలసి వచ్చెను. ఆ యేటనే, సెప్టెంబరు 1న, దారితప్పి సోవియట్ గగనమున ప్రవేశించిన కొరియా ప్రయాణిక విమానమును సోవియట్ సైనికులు కూల్చివేయగా 269 మంది అసువులు బాసిరి. ఆకాశమునకు గోడలు లేవనువారు ఈ సంఖ్యను మఱువరాదు.

పిమ్మట సైబీరియా దారి తెఱువబడెను. సుంకము చెల్లించి 9, 10 గంటలలో టోక్యో చేరుచుండిరి. ఫిన్నెయిర్ తన ఆసియా వ్యాపారమును ఆ దగ్గఱదారిపైననే కట్టుకొనెను. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయినుపై దండెత్తెను. ఐరోపా సమాఖ్య రష్యా విమానములకు తన గగనమును మూసెను. ఆ నెలాఖరుననే రష్యా 36 దేశముల విమానములకు తన ద్వారములు మూసెను. మార్చిలో మరల ధ్రువమార్గమే, మరల 13 గంటలే! 39 ఏండ్ల యంత్రకళాభివృద్ధిని ఒక్క ప్రభుత్వాజ్ఞ తుడిచివేసెను గదా!

తన గగనముపై ప్రతి రాజ్యమునకును సంపూర్ణాధికారము కలదని 1944 నాటి చికాగో ఒడంబడిక చాటినది. ఆ హక్కును మేము తప్పుపట్టము. స్వతంత్రజాతికి అది భూషణము. కాని ఒకరి హక్కు మనకు దయగా సంక్రమించినపుడు, దానినే ఆస్తిగా నెంచుట అవివేకము. 1917లో స్వాతంత్ర్యము ప్రకటించుకొనిన ఆ చిన్నజాతి, ద్వారము మూతపడినపుడు విలపించుచు కూర్చుండలేదు. చుట్టుదారి నెఱిగిన అనుభవము, దానికి తగిన విమానములు, నేర్పుగల చోదకులు వారికి గలరు. నష్టపడిరి, కాని నిలిచిరి.

మన సంగతి యేమి? 2019లో పాకిస్తాను ఫిబ్రవరి మొదలు జూలై 16 వఱకు గగనమును మూయగా, జూలై 2 నాటికే ఎయిరిండియా 491 కోట్ల రూపాయలు నష్టపోయినట్లు ప్రభుత్వమే పార్లమెంటున చెప్పినది. 2025 ఏప్రిలులో మరల మూసినపుడు, చుట్టు తిరిగి పోజాలని చిన్నవిమానములు గల ఇండిగో సంస్థ ఢిల్లీ నుండి తాష్కెంటు, ఆల్మాటీలకు రాకపోకలే నిలిపివేసెను. ఆఱేండ్లలో మనము నేర్చిన పాఠము ఇంతేనా?

దూరగామి విమానములు, శిక్షితులైన చోదకులు, ముందుగా కుదుర్చుకొనిన మాఱుదారులు, ఇవి ఆడంబరములు కావు, జాతీయావసరములు. ప్రభుత్వమును, విమానసంస్థలను ప్రజలు దీనికై నిలదీయవలయును. పొరుగువాని పెరటిదారి ఎంత దగ్గఱయైనను, దాని తలుపుగడియ వాని చేతనే యుండును.